ఊదా క్యాబేజీ, ఊదా కాలీఫ్లవర్: ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైందంటే మా మిద్దె తోట మిత్రుల మధ్య ఈ ప్రశ్నలు కూడా మొదలవుతాయి. ఎర్రగడ్డ రైతు బజార్‌లో పచ్చ క్యాబేజీల గుట్ట పక్కన రెండో మూడో వంకాయ రంగు క్యాబేజీలు కనిపిస్తాయి. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఊదా కాలీఫ్లవర్ కూడా ఉంటుంది. కొందరు ధర చూసి వెనక్కి తగ్గుతారు, కొందరు రంగు చూసి. నేను మొక్కల జన్యుశాస్త్రం చదువుకున్నాను, కూకట్‌పల్లిలో మా మిద్దె మీద పదేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. అందుకని ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి. ఒకే చోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

ఇంత ముదురు రంగు సహజంగా వస్తుందా? రంగు పూసి అమ్ముతున్నారేమో?

సహజమైనదే. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. క్యాబేజీని నిలువుగా కోసి చూడండి. ప్రతి ఆకు అంచూ ఊదాగా, మధ్య కండ తెల్లగా కనిపిస్తుంది. రంగు ఎక్కువగా ఆకు పై పొరల్లోని కణాల్లోనే ఉంటుంది కాబట్టి అలా ఉంటుంది. బయట పూసిన రంగు లోపలి మడతల్లో, ఒకదాన్నొకటి గట్టిగా అతుక్కున్న ఆకుల మధ్య ప్రతి పొరకీ అంత సమంగా చేరదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. నాలుగు ముక్కలు వేడి నీళ్లలో వేసి, దిగిన రంగు నీళ్లని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే గులాబీ రంగుకి తిరుగుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంట సోడా వేస్తే నీలమో, నీలం కలిసిన ఆకుపచ్చో అవుతుంది. బట్టల రంగు ఇలా మారదు. పిల్లలకి చూపించండి, చాలా ఇష్టపడతారు.

ఆ రంగు పదార్థం ఏమిటి? వంకాయలో, బీట్‌రూట్‌లో ఉన్నదేనా?

దాని పేరు ఆంథోసయనిన్. ఇది ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం. వంకాయ తొక్క, నేరేడు పండు, ఎర్ర ఉల్లిపాయ, శంఖుపుష్పం అన్నీ ఈ కుటుంబంతోనే రంగు తెచ్చుకుంటాయి. బీట్‌రూట్ మాత్రం వేరు. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలి పండ్లు, డ్రాగన్ ఫ్రూట్‌లలో ఉండేవి బీటాలెయిన్లు. ఆ రెండు రంగులూ కలిసి తయారయ్యే మొక్క ప్రకృతిలో ఇంతవరకూ కనబడలేదు. ఒక వంశం ఒక దారి పట్టిందంటే రెండో దారి మూసుకుపోయినట్టే.

వంకాయకీ క్యాబేజీకీ మధ్య కూడా చిన్న తేడా ఉంది, నాకు చాలా ఇష్టమైన తేడా. ఆంథోసయనిన్ అణువులో ఒక వలయానికి ఎన్ని ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు అతుక్కున్నాయన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. ఒకటి ఉంటే పెలార్గోనిడిన్, అది ఇటుక ఎరుపు వైపు ఉంటుంది. రెండుంటే సయనిడిన్, ఎరుపు కలిసిన ఊదా. మూడుంటే డెల్ఫినిడిన్, నీలం వైపు మొగ్గుతుంది. వంకాయ తొక్కలో ఉండేది డెల్ఫినిడిన్. మూడో జంటని అతికించే ఎంజైమ్ క్యాబేజీ కుటుంబంలో లేదు. అందుకని ఊదా క్యాబేజీ, ఊదా కాలీఫ్లవర్ సయనిడిన్‌తోనే సరిపెట్టుకుంటాయి. ఎర్ర క్యాబేజీ (ఊదా క్యాబేజీకే ఇంకో పేరు) ఆ సయనిడిన్‌కే చక్కెర అణువులు తగిలించి, వాటి మీద సినాపిక్, ఫెరూలిక్ లాంటి ఆమ్లాల తోకలు కూడా కడుతుంది. ఆ తోకల వల్లే రంగు అంత నిలకడగా ఉంటుంది. ఆహార రంగుల తయారీలో ఎర్ర క్యాబేజీని ఇష్టపడేది కూడా అందుకే.

తెల్ల కాలీఫ్లవర్‌లో ఆ రంగు జన్యువు లేదా?

ఉంది. ఈ మొత్తం విషయంలో గుర్తుపెట్టుకోవలసింది ఏదైనా ఉంటే అది ఇదే. తెల్ల కాలీఫ్లవర్‌లో రంగు తయారు చేసే జన్యువులన్నీ ఉన్నాయి. బాగా చలి పడినప్పుడు తెల్ల కాలీఫ్లవర్ ఆకుల ఈనెలు, కాడలు ఊదాగా తిరగడం మీరు చూసే ఉంటారు. ఒక్కోసారి పువ్వు మీదే గులాబీ ఛాయ పడుతుంది. సరంజామా లేకపోతే ఆ ఛాయ వచ్చేది కాదు.

మన దగ్గర పొలాల్లో బోరు మోటార్ని తలుచుకోండి. మోటార్ ఉంది, పైపులున్నాయి, బోరులో నీళ్లున్నాయి. స్టార్టర్ నొక్కితేనే నీళ్లొస్తాయి. క్యాబేజీ కుటుంబంలో ఆ స్టార్టర్ లాంటిది మైబ్2 అనే జన్యువు. అది స్వయంగా రంగు తయారు చేయదు. మరో రెండు రకాల ప్రొటీన్లతో జట్టుకట్టి, రంగు తయారుచేసే జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. ఫినైల్ అలనిన్ అనే మామూలు అమైనో ఆమ్లం నుంచి మెట్టు మెట్టుగా ఆంథోసయనిన్ తయారవుతుంది. ఒక్కో మెట్టుకి ఒక్కో ఎంజైమ్, ఒక్కో జన్యువు. మామూలు మొక్కలో చలి పడినప్పుడో, ఎండ ఎక్కువైనప్పుడో, ఆకలి వేసినప్పుడో ఈ స్టార్టర్ కొంచెంసేపు నొక్కబడి మళ్లీ ఆగిపోతుంది.

ఊదా కాలీఫ్లవర్‌లో జరిగింది ఏమిటంటే, స్టార్టర్‌కి ఆటో స్టార్టర్ తగిలింది. కరెంటు వస్తే చాలు, ఎవరూ నొక్కకుండానే మోటార్ తిరిగినట్టు, ఆ మొక్క పువ్వులో మైబ్2 తనంతట తానే పనిచేస్తూ ఉంటుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం దగ్గర పనిచేసే పరిశోధకులు 2010లో దీన్ని తేల్చారు. గ్రాఫిటీ అనే ఊదా కాలీఫ్లవర్‌లో మైబ్2 జన్యువుకి ముందు, దాన్ని ఎప్పుడు నడపాలో ఎప్పుడు ఆపాలో చెప్పే భాగంలో, హార్బింజర్ అనే డీఎన్ఏ ముక్క వచ్చి చేరింది. జన్యువు లోపల ఏ లోపమూ లేదు. దాని గుమ్మం దగ్గర ఒకరు వచ్చి కూర్చున్నారు, అంతే.

వచ్చి చేరడం ఏమిటి? డీఎన్ఏ ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

బయటి నుంచి కాదు, ఆ మొక్కలోనే ఉంటాయి. వాటిని ట్రాన్స్‌పోసాన్లు అంటారు. ఒక చోటి నుంచి ఊడి ఇంకో చోట అతుక్కోగల డీఎన్ఏ ముక్కలు. 1940ల్లో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది రంగు మచ్చల్ని ఏళ్ల తరబడి పరిశీలించి వీటిని కనిపెట్టారు. చాలామంది చాలాకాలం పట్టించుకోలేదు. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మచ్చలు కూడా ఆంథోసయనిన్ మచ్చలే! మొక్కల్లో రంగు మారడం కంటికి వెంటనే కనిపిస్తుంది కాబట్టి ఈ దూకే ముక్కల జాడ మనకి ముందుగా రంగుల్లోనే దొరికింది.

క్యాబేజీ, నూల్‌కోల్ ఊదాగా ఉండడానికి కూడా అదే కారణమా?

జన్యువు అదే, సంఘటన వేరు. 2019లో చైనా పరిశోధకులు ఊదా రంగు కేల్ (గడ్డ కట్టని, క్యాబేజీ లాంటి ఆకుకూర), నూల్‌కోల్, క్యాబేజీలని పోల్చి చూశారు. అన్నిట్లోనూ మేల్కొన్నది మైబ్2నే. కానీ ఒక కూరగాయలో దూకే ముక్క వచ్చి పడింది, ఇంకో దాంట్లో డీఎన్ఏలో చిన్న అక్షరం మార్పు చాలింది. అంటే ఊదా రంగు ఒక్కసారి పుట్టి అన్నిటికీ పాకలేదు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కాలాల్లో, ఎవరి తోటలో వారికి ఒక వింత మొక్క కనబడింది. దాని విత్తనం దాచుకున్నారు. ఆ దాచిన చేతులన్నీ ఒకే జన్యువుని ఎంచుకున్నాయని వాళ్లకి తెలియదు.

క్యాబేజీ కథలో ఇంకో పాత్ర కూడా ఉంది. స్టార్టర్ ఉన్నట్టే ఆఫ్ బటన్ కూడా ఉంటుంది. దాని పేరు మైబ్-ఎల్2. రంగు ఎక్కువ కాకుండా అణిచి ఉంచే జన్యువు. ఎర్ర క్యాబేజీల్లో అది పనిచేయడం లేదని కొరియా శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. కొన్ని రకాల్లో ఆ జన్యువే పోయింది. కొన్నిట్లో జన్యువు ఉంది కానీ దాన్ని నడిపే భాగం మారిపోయింది. ఎర్ర క్యాబేజీ మొలక దగ్గర్నుంచి గడ్డ దాకా ఒళ్లంతా ఊదాగా ఉంటే, ఊదా కాలీఫ్లవర్‌లో ముదురు రంగు ముఖ్యంగా పువ్వు మీదే ఉంటుంది. స్టార్టర్‌కి, ఆఫ్ బటన్‌కి ఎక్కడ ఏ మార్పు వచ్చిందన్నదాన్ని బట్టి ఇలా తేడాలు వస్తాయి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ అన్నీ ఒకే జాతి అంటారు. నిజమేనా?

నిజం. అన్నీ బ్రాసికా ఒలరేసియా. అన్నిటికీ 18 క్రోమోజోములు. ఆకుల ముద్దని ఎంచుకున్నచోట క్యాబేజీ అయింది, పూమొగ్గల గుత్తిని ఎంచుకున్నచోట కాలీఫ్లవర్ అయింది, కాండం ఉబ్బినచోట నూల్‌కోల్ అయింది. టర్నిప్ దగ్గరి బంధువు, దానికి 20. మన ఆవాలకి 36. పోపులో వేసుకునే ఆవాలు రెండు పాత జాతులు కలిసి పుట్టిన పంట అని 1935లో కొరియా సంతతికి చెందిన ఊ జాంగ్-చూన్ ఈ జాతుల బంధుత్వాన్ని చూపే తన ప్రసిద్ధమైన త్రికోణం బొమ్మలో వివరించారు.

ఇది జీఎం (జన్యుమార్పిడి) పంటా? బీటీ వంకాయ లాంటిదా?

కాదు. బీటీ వంకాయలో బాక్టీరియా జన్యువుని ప్రయోగశాలలో చేర్చారు. దాని మీద 2010 జనవరి నుంచి అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టడం, ఫిబ్రవరిలో దాన్ని ఆపెయ్యడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊదా కాలీఫ్లవర్‌లో ఏ జన్యువునీ ఎవరూ బయటి నుంచి చేర్చలేదు. ఆ మొక్కలోనే ఉన్న ఒక ముక్క కదిలి, ఉన్న జన్యువు ముందు చేరింది. దాన్ని రైతులు, ఆ తర్వాత బ్రీడర్లు ఎంచుకున్నారు.

జనం ఈ రెండిటినీ కలిపేసుకోవడానికి ఒక కారణం ఉంది. ఊదా టమాటా అని ఇంకొకటి వార్తల్లోకి వచ్చింది. కండ కూడా ఊదాగా ఉండే ఆ టమాటా మాత్రం జీఎం పంటే. స్నాప్‌డ్రాగన్ అనే పూలమొక్క నుంచి తీసిన రెండు స్టార్టర్ జన్యువులు అందులో ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ 2022లో దానికి అడ్డు తొలగించింది. టమాటా వేరు, క్యాబేజీ వేరు.

హైబ్రిడ్ ఊదా కాలీఫ్లవర్ నుంచి విత్తనం తీసుకుంటే మళ్లీ ఊదాగానే వస్తాయా?

అన్నీ రావు. కాలీఫ్లవర్ రంగు జన్యువు పాక్షిక బహిర్గతం. మొక్కలో ఈ జన్యువుకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు (నకళ్లు) ఉంటాయి. రెండు ప్రతులూ ఊదావైతే ముదురు రంగు, ఒకటి ఊదా ఒకటి తెలుపు అయితే లేత రంగు, రెండూ తెల్లవైతే తెలుపు. ఒక్కో ప్రతే ఉన్న లేత మొక్కల మధ్య విత్తనం కడితే, పిల్లల్లో సుమారు నాలుగోవంతు ముదురు, సగం లేత, నాలుగోవంతు తెలుపు వస్తాయి. బఠాణీలతో మెండెల్ చూసిన లెక్కే ఇది. ఆయన పొడుగు మొక్కల్లో కనబడని మధ్య రకం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

రెండేళ్ల కింద నాకు ఇదే ఎదురైంది. ఆన్‌లైన్‌లో ఒక చోట 'ఊదా హైబ్రిడ్' అని ప్యాకెట్ కొన్నాను. పన్నెండు మొక్కలు నిలిచాయి. మూడు ముదురు, ఐదు లేత, నాలుగు తెలుపు. పన్నెండు మొక్కలతో లెక్కలు గట్టిగా తేలవు. కానీ అసలైన హైబ్రిడ్ ప్యాకెట్ అయితే మొక్కలన్నీ ఒకేలా రావాలి. ఇలా మూడు రకాలుగా విడిపోయాయంటే, ఎవరో హైబ్రిడ్ మొక్కల నుంచి విత్తనం పట్టి హైబ్రిడ్ పేరుతో అమ్మేశారని నాకు అర్థమైంది. నా దగ్గర పోయింది నూట ఇరవై రూపాయలు. ఎకరం వేసే రైతుకి అది సీజనంతా పోవడం. అందుకే రైతులు విత్తనం కొంటే బిల్లు, లాట్ నంబరు ఉన్న ప్యాకెట్ తప్పకుండా దాచిపెట్టుకోవాలని ఎప్పుడూ చెబుతుంటాను.

ఎర్ర క్యాబేజీ విత్తనం విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పూత రావాలంటే పెరిగిన మొక్కకి 4 నుంచి 10 డిగ్రీల చలి చాలా వారాలపాటు తగలాలి. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. గడ్డ కడుతుంది, పూత రాదు. అందుకే మన దేశంలో ఇలాంటి విత్తనం హిమాచల్ కులూ లోయలో పండిస్తారు. అక్కడ కూడా క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ పొలాల మధ్య కిలోమీటరుకి తగ్గకుండా ఎడం పెట్టాలి. అన్నీ ఒకే జాతి కాబట్టి తేనెటీగలు సులువుగా కలిపేస్తాయి.

నేను వేసింది మామూలు పచ్చ క్యాబేజీ. నారు ఊదాగా తిరిగింది. రకం మారిందా?

రకం మారలేదు. మొక్కకి టెన్షన్ వచ్చింది. ఎక్కువసార్లు కారణం భాస్వరం అందకపోవడం. పాత ఆకుల అడుగున, ఈనెల వెంట ఊదా మొదలవుతుంది, ఎదుగుదల ఆగినట్టుంటుంది. చలి రోజుల్లో మట్టిలో భాస్వరం ఉన్నా వేర్లు సరిగా తీసుకోలేవు. అలాంటప్పుడు వారం ఆగి ఎండ పెరిగాక చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఎముకల పొడి, లేదా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కొద్దిగా వేరు దగ్గర మట్టిలో కలపండి. నత్రజని తగ్గినా రంగు వస్తుంది, కానీ అప్పుడు ఆకు ముందు పాలిపోతుంది. నీళ్లు నిలిచి వేర్లు కుళ్లినా ఇదే లక్షణం. అందుకని ఎరువు వేసే ముందు కుండీ అడుగున రంధ్రం మూసుకుపోలేదు కదా అని చూసుకోండి.

నిజమైన ఎర్ర క్యాబేజీ అయితే మొలక నుంచే తెలుస్తుంది. బీజదళాల (మొలకకి మొదట వచ్చే రెండు ఆకుల) కింది కాడ మొదటి వారంలోనే ఊదాగా ఉంటుంది. నర్సరీ ట్రేలో పచ్చ కాడతో ఉన్న మొక్క ఎర్ర క్యాబేజీ కాదు. కొనేముందు ఇది చూసుకుంటే మూడు నెలలు ఎదురుచూసి బాధపడాల్సిన పని లేదు.

మా కాలీఫ్లవర్ ఫొటోలో ఉన్నంత ముదురుగా రాలేదు. ఎందుకు?

వేడి వల్ల. ఆంథోసయనిన్ చల్లదనంలో ఎక్కువ తయారవుతుంది. వేడిలో తయారీ తగ్గుతుంది, తయారైనది కూడా నిలవదు. హైదరాబాద్‌లో సెప్టెంబర్ చివర నారు పోసి, డిసెంబర్-జనవరిలో పువ్వు కట్టేలా చూసుకుంటే రంగు బాగుంటుంది. ఫిబ్రవరి చివరకి జరిగిందా, వెలిసినట్టు వస్తుంది. రెండో కారణం, అలవాటు కొద్దీ పువ్వు మీద ఆకులు మడిచి కట్టడం. తెల్ల పువ్వు పసుపు తిరగకుండా అలా కడతాం. ఊదా పువ్వుకి అది వద్దు, వెలుతురు తగలనివ్వండి. పైన పుట్టుకలోనే లేత రంగు అని చెప్పిన ఒక్క ప్రతి మొక్కలు కూడా ఉంటాయి, వాటికి మీరు ఏం చేసినా అంతే.

కూర చేస్తే నీలంగా, బూడిద రంగుగా అయిపోతోంది. పాడైనట్టా?

పాడవలేదు. మొదట్లో చెప్పిన నిమ్మరసం, సోడా పరీక్షే మీ మూకుట్లో జరుగుతోంది. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, మరిగిస్తే ఇంకా క్షారం వైపు పోతాయి, రంగు నీలానికి తిరుగుతుంది. నల్లా నీళ్లతో ఆ తేడా తక్కువ. పకోడీ పిండిలో సోడా వేస్తే అంచులు పచ్చగా తిరగడం కూడా ఇదే. నీళ్లు పోసి ఉడికించకుండా, మూత పెట్టి తక్కువ నూనెలో మగ్గించి, చివర్లో నిమ్మరసం పిండండి. పెసరపప్పుతో చేసే కూరైతే పప్పు విడిగా నానబెట్టి, క్యాబేజీ తర్వాత కలపండి. చింతపండు వేసి పచ్చడి చేస్తే గులాబీ రంగు వస్తుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. ఈ రంగు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోస్తే సగం సంగతి సింక్‌లోకి పోయినట్టే.

ఊదాది తింటే ఆరోగ్యానికి ఎక్కువ మంచిదా?

ఆంథోసయనిన్ అదనంగా అందుతుంది, విటమిన్ సి, పీచు రెండిట్లోనూ ఉంటాయి. రోగాలు తగ్గిస్తుందని చెప్పి రెండింతల ధరకి అమ్మితే నమ్మకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు మాత్రం ఏ రంగు క్యాబేజీ అయినా ఒక్కసారిగా ఎక్కువ చేయకుండా డాక్టర్‌ని అడగాలి. ఇందులో ఉండే విటమిన్ కె ఆ మందు పనికి అడ్డు తగులుతుంది.

ముల్లంగి, టర్నిప్‌ల రంగు కూడా ఇదేనా?

అదే కుటుంబం, అదే ఆంథోసయనిన్లు. ఎర్ర ముల్లంగిలో పెలార్గోనిడిన్, ఊదా ముల్లంగిలో సయనిడిన్ ఎక్కువ. టర్నిప్ పైభాగం ఊదాగా, కిందభాగం తెల్లగా ఉండడానికి కారణం ఎండ. మట్టి పైకి తేలిన భాగానికే రంగు పడుతుంది. ఒకే గడ్డలో ఒకే జన్యువులు, వెలుతురు తగిలినచోట స్టార్టర్ నొక్కబడింది. మట్టి ఎగదోసి కప్పితే అక్కడ తెల్లగానే ఉంటుంది. కుండీలో ఒక గడ్డతో చేసి చూడండి.

నారింజ రంగు కాలీఫ్లవర్ కూడా ఇలాగే వచ్చిందా?

పద్ధతి ఒకటే, రంగు పూర్తిగా వేరు. 1970 ప్రాంతంలో కెనడాలోని బ్రాడ్‌ఫోర్డ్ మార్ష్ దగ్గర తెల్ల కాలీఫ్లవర్ పొలంలో ఒకే ఒక్క మొక్క నారింజ పువ్వుతో కనిపించింది. 2006లో దాని జన్యువుని పట్టుకున్నారు. దానికి ఓఆర్ అని పేరు. అందులో కూడా దూకే ముక్కే దూరింది, కానీ ఈసారి గుమ్మం దగ్గర కాదు, జన్యువు లోపలికి. దాంతో పువ్వు కణాల్లో బీటా కెరొటిన్ నిలవ ఉండడం మొదలైంది. క్యారెట్‌లో ఉండేదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఈ గుణాన్ని మన కాలీఫ్లవర్‌లోకి మామూలు సంకరణతో తెచ్చి పూసా బీటా కేసరి 1 విడుదల చేసింది. అందులో 8 నుంచి 10 పీపీఎం (అంటే కిలోకి అన్ని మిల్లీగ్రాములు) బీటా కెరొటిన్ ఉంటుంది. ఇంత మంచి రకం మన రైతు బజార్లలో ఇంకా అరుదుగానే కనిపించడం నాకు బాధగా ఉంటుంది. వండేటప్పుడు ఊదా దానికి చెప్పిన జాగ్రత్తలు దీనికి అక్కర్లేదు. బీటా కెరొటిన్ నీళ్లలో కరగదు, నిమ్మరసానికీ సోడాకీ రంగు మార్చుకోదు. ఒంటికి పట్టాలంటే మాత్రం కొంచెం నూనె కావాలి, మనం ఎలాగూ వేసే తాలింపు దానికి సరిపోతుంది.